దిగువ పిడి

తామ్రగిరి రాజ్యానికి ఉత్తరాన, ఊళ్ళన్నీ అయిపోయిన చోట కారుమబ్బు అడవి మొదలవుతుంది. దూరం నుంచి చూసే బాటసారికి వానమబ్బు వచ్చి కొండల మీద కూలబడిందా అనిపిస్తుంది గనుక దానికి ఆ పేరు. పొద్దున్నే మొదటి ఎండ కొండకొమ్ముల మీద కుంకుమ చల్లి, మద్దిచెట్ల తలలకు బంగారునీరు పూసి, కిందికి దిగుతూ దిగుతూ వెదురుపొదల్లో దారి తప్పిపోతుంది. నేలదాకా చేరేది జల్లెడలోంచి రాలినంత వెలుతురే. లోయ అడుగున ధూమ్రవతి నది. దానిమీది పొగమంచు ఏ కాలంలోనూ విడిపోదు. నీరు కంటికి కనపడదు గానీ దాని మాట వినపడుతూ ఉంటుంది, పక్కగదిలో జ్వరపడ్డ మనిషి గొణుగుతున్నట్టు.

ఆ నదికి పైన, వాలులో, చెట్లు కొట్టేవాళ్ళ మకాం ఉంది. ఆకు కప్పిన పాకలు, వాటి ముందు పొయ్యిరాళ్ళు, చూరుల్లో దోపిన గొడ్డళ్ళు, కొయ్యలకు చుట్టలు చుట్టి వేలాడదీసిన మోకులు. మకాం పెద్ద కోనయ్య. ఒకప్పుడు గట్టివాడే. కూలిన కొమ్మ కిందపడి కుడిచెయ్యి పనికిరాకుండా పోయాక, నోటితోనే పని చేయిస్తున్నాడు.

కోనయ్య మేనల్లుడు బైరన్న ఆ ఉదయం ఒక మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. రంపం పళ్ళు పైకి వచ్చేట్టు మోకాళ్ళ మధ్య బిగించి, చేతిలో ఆకురాయి పట్టుకున్నాడు గానీ దాన్ని కదపడంలేదు. చూపు వాలులోకి పోయింది. అక్కడ ఒంటిమద్ది ఉంది. నలుగురు మనుషులు చేతులు చాచి పట్టుకున్నా అందని మాను. పెద్దలెవరూ దాని జోలికి పోలేదు. ఆ మానుకు కొంత దూరంలో నేలలో దిగేసిన ఒక చందనపు మేకు కొత్తగా, తెల్లగా మెరుస్తోంది.

ఆ మేకు బైరన్న గుండెలోనే దిగినట్టుంది.

ఎందుకో చెప్పాలి. ఆ మకాంలో పిల్లను అడగడానికి నోరు అక్కర్లేదు. కావలసింది మేకు. అడగదలచినవాడు ఒక చెట్టును ఎంచుకుని, అది పడవలసిన చోట మేకు నాటుతాడు. పిల్లకు ఇష్టమైతే వచ్చి రంపం రెండో పిడి పట్టుకుంటుంది. ఇద్దరూ కలిసి కోస్తారు. పడే మాను ఆ మేకును నెత్తిన కొట్టి నేలలోకి దించితే పెళ్ళి. పక్కకు పడితే ఆ మాట మళ్ళీ ఎత్తరు.

కోనయ్య కూతురు పైడి, బైరన్న చిన్ననాటి నుంచీ ఒకే రంపానికి రెండు పక్కల పెరిగారు. తల్లిదండ్రుల్లేని పిల్లవాడిగా బైరన్న మకాంకి వచ్చిన కొత్తలో కోనయ్య అతనికి ఎగువ పిడి ఇచ్చి, దిగువ పిడి తాను పట్టి పని నేర్పాడు. వాలులో కోసిన మాను ఎప్పుడైనా దిగువకే దొర్లుతుంది కాబట్టి దిగువ మనిషికే ప్రాణగండం. తరువాత కోనయ్య చెయ్యి పోయింది, ఎగువ పిడికి పైడి వచ్చింది, బైరన్న దిగువకు మారాడు. ఆనాటి నుంచి ఈనాటిదాకా మారలేదు. రంపానికి ఒక న్యాయం ఉంది. లాగాలి, నెట్టకూడదు. అవతలివాళ్ళు లాగుతుంటే ఇవతలివాడు చెయ్యి వదులుచేసి రంపాన్ని పోనివ్వాలి. పైడి లాగుడు బైరన్న నిద్రలో కూడా పోల్చుకోగలడు. పొడుగ్గా వచ్చి, చివర చిన్నగా పైకి తేలుతుంది, పిల్లలు పాట పూర్తిచేసినట్టు.

అంతా బాగానే ఉంది. మేకు ఒక్కటే నాటలేదు. ఈ ఎండాకాలం అనుకున్నాడు, వానలయ్యాక అనుకున్నాడు. చేతిలో ఉన్న పక్షి ఎగిరిపోదని అనుకునేవాళ్ళే లోకంలో ఎక్కువ నష్టపోయేది.

ఇంతలో జగ్గన్న వచ్చాడు.

ఎక్కడివాడో తెలియదు. పని కావాలన్నాడు. మొదటిరోజు అరచేతులు బొబ్బలెక్కాయి. బైరన్న చూసి లోపల నవ్వుకున్నాడు. కానీ ఆ మనిషి బొబ్బలకు ఆముదం రాసుకుని మళ్ళీ గొడ్డలి పట్టాడు. చూస్తుండగానే పేళ్ళు ఎగిరే తీరు మారింది, దెబ్బ మీద దెబ్బ ఒకే గీత మీద పడటం మొదలైంది. కోనయ్య మెచ్చుకున్నాడు. మెచ్చుకున్నా ఓర్చుకోవచ్చు. నిన్న ఊటదగ్గర విన్న మాటను మాత్రం బైరన్న ఓర్చుకోలేకపోయాడు. పైడి కడవ నింపుకుంటూ జగ్గన్నతో మెల్లగా అంటోంది:

“మీరు దిగులుపడకండి. నేనున్నాగా.”

మీరు. ముసలివాళ్ళనైనా ‘నువ్వు’ అనే మనుషులు వాళ్ళు. కొత్తవాణ్ణెవణ్ణయినా ‘అన్నా’ అనే పిల్ల అది. ఆ మకాంలో ‘మీరు’ అనే మాట ఒక్కచోటే వినపడేది, కొత్త పెళ్ళికూతురు మొగుడితో మాట్లాడేటప్పుడు. బైరన్న కడుపులో ఎవరో కుంపటి పెట్టి విసనకర్ర తీసుకున్నారు.

తెల్లవారేసరికి మేకు ఉంది. కోనయ్య పిలిచి చెప్పాడు. ఒంటిమద్దిని ఇవాళ కొట్టాలట. కోత పైడీ జగ్గన్నా లాగుతారట. ముందుగా గొడ్డలితో చెక్కే నోరు మాత్రం బైరన్నే తీయాలట, ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు గనుక. ఎందుకని అడిగితే, అడవిలో కొన్ని మాటలు పైకి అనకూడదు, పని అయ్యాక చెబుతానన్నాడు కోనయ్య. చెబుతూ చెట్లపైకి ఒకసారి భయంగా చూశాడు. బైరన్న ఆ చూపును గమనించలేదు. అసూయ పట్టినవాడికి తనకు కావలసినవే కనిపిస్తాయి.

“ఏం నాయనా, రంపం నీది, కోత వాళ్ళదా?”

మొద్దు పక్కన ఎప్పుడు వచ్చి చతికిలబడ్డాడో, ఆకురాళ్ళ ముసలాడు. ఆ ఉదయమే మకాంకి వచ్చి, పిడికెడు గంజి పోస్తే పనిముట్లకు పదును పెడతానని తిరుగుతున్నాడు. మనిషి ఎండుచేపలా ఉన్నాడు. కళ్ళు మాత్రం గుండ్రంగా, పసుపుపచ్చగా ఉన్నాయి.

రంపం మకాందని ముక్తసరిగా అన్నాడు బైరన్న.

“మకాందే. మరి ఆ మేకు? అదీ మకాందేనా?”

ముసలాడు తొందరపడలేదు. ఆకురాయిని పంటి మీద నెమ్మదిగా రాస్తూ తాను పడుచువాడిగా ఉన్నప్పటి కథ ఒకటి చెప్పాడు. తనకూ ఒక పిల్ల ఉండేదట, తానూ ఇవాళా రేపూ అంటూ కూర్చున్నాడట, ఎవడో దారినపోయేవాడు వచ్చి మేకు నాటాడట. ఆ మాను మేకు మీద పడిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉందట. ఒక్క జానెడు పక్కకు పడి ఉంటే తన బతుకు వేరేగా ఉండేదని నిట్టూర్చాడు. చివర్లో మాత్రం, గాలితో అంటున్నట్టు అన్నాడు:

“నోట్లో చీకటి ఎవరు చూస్తారు నాయనా. ఎగువ మూల నాలుగు దెబ్బలు ఎక్కువ పడితే గొడ్డలి తప్పవుతుంది గానీ నీ తప్పవుతుందా?”

చెప్పి కళ్ళు మూశాడు. అతని రెప్పలు పైనుంచి కిందికి కాక, కింది నుంచి పైకి మూసుకున్నాయి. బైరన్న అప్పుడు మేకు వైపు చూస్తున్నాడు.

మాను కొట్టే పద్ధతి తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట. ముందుగా, చెట్టు ఏ వైపు పడాలో ఆ వైపు గొడ్డలితో బోదెలోకి కోణంగా చెక్కుతారు. దాన్నే నోరు అంటారు. ఆ తరువాత వెనక వైపు నుంచి రంపం వేస్తారు. రంపం నోటిదాకా రాకూడదు. రెండింటికీ నడుమ తలుపుకు బందు ఉన్నట్టు ఒక పట్టీ చెక్క వదలాలి. ఆ బందు మీద తిరిగే చెట్టు వంగుతుంది. పట్టీ ఇటు చివర నుంచి అటు చివరదాకా ఒకే మందం ఉంటే మాను చెప్పినచోట పడుతుంది. ఒక చివర పలచబడితే అది ముందు తెగిపోతుంది, మందంగా ఉన్న రెండో చివర మానును తన వైపు లాక్కుపోతుంది.

బైరన్న గొడ్డలి భుజాన వేసుకుని ఒంటిమద్ది దగ్గరకు వెళ్ళాడు. మొసలి వీపులా నెరియలు విచ్చిన బెరడు. మొదటి దెబ్బకే బెరడు చిట్లి నీళ్ళు చిమ్మాయి. అందులో వింతలేదు, ముదురు మద్ది కడుపున నీళ్ళు దాచుకుంటుంది. దాహమైనప్పుడు చెట్లు కొట్టేవాళ్ళు దోసిలి పట్టి తాగుతారు కూడా. ఒక చుక్క అతని పెదవి మీద పడింది. మద్దినీళ్ళు వగరుగా ఉండాలి. ఇవి ఉప్పగా ఉన్నాయి, కన్నీళ్ళలా. అతను ఉమ్మేసి మళ్ళీ కొట్టాడు. పేళ్ళు చిలకల్లా ఎగిరాయి, నోరు తెరుచుకుంది, లోపల ఎర్రటి చేవ కనిపించింది.

ఎగువ మూల దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. బందు దిగువన మందంగా మిగిలితే మాను దిగువకు లాగుతుంది. దిగువ పిడి తనది. అంటే ఇవాళ అక్కడ ఉండేది తన బదులు వచ్చినవాడు. చురుకైనవాడేగా, తప్పుకుంటాడు. తప్పుకోలేకపోతే కాలో చెయ్యో పోతుంది. పోనీ. మేకు మిగిలిపోతుంది, అది చాలు.

నాలుగు దెబ్బలు ఎక్కువ వేశాడు.

కోనయ్య వచ్చి ఆనవాయితీ ప్రకారం “నోరు సరేనా?” అని అడిగాడు. నోరు తీసినవాడు సరే అంటే సరే. మరొకడు వంగి చూడటం, కొలవడం ఆ మకాంలో లేదు. అలా చూస్తే వాణ్ణి తల్లి పేరు పెట్టి తిట్టినంత పని. తాతల నాటి నుంచి ఆ ఒక్క మాట మీద అందరూ చెట్టు కింద నిలబడుతున్నారు.

“సరే,” అన్నాడు బైరన్న.

పైడి తలకు ఎర్రగుడ్డ బిగించుకుని వచ్చింది. రంపం కోతలో దిగేసే మేకులు కొట్టడానికి ఉండమని అడిగింది. తల నొప్పిగా ఉందని చెప్పి అతను నడవబోయాడు. కోతకు ముందు ‘పోయొస్తా’ అని ఒకరికొకరు చెప్పుకోవడం వాళ్ళ అలవాటు. ఎందుకంటే తిరిగి రానివాళ్ళు ఎక్కువ ఆ పనిలో.

“చెప్పకుండా పోతున్నావేంది బావా?” అంది పైడి.

విననట్టు వెళ్ళిపోయాడు. మనుషులు విడిపోయేటప్పుడు ఇదే ఆఖరుసారేమో అని ఎవరికీ తోచదు. తోచి ఉంటే ఎంత కోపం ఉన్నా ఒక మాట అనే పోయేవాళ్ళు.

ఎగువన ఒక పెద్దబండ చాటుకు పోయి, వీపు ఆన్చి కూర్చున్నాడు. మోకుచుట్ట, సమ్మెట, మేకుల సంచీ పక్కనే ఉన్నాయి. చూడనని ఒట్టు పెట్టుకున్నాడు గానీ చెవులకు మూత ఉండదుకదా. రంపం మొదలైంది. ఖర్ర్ మని ఒక లాగుడు, ఖర్ర్ మని ఇంకొకటి. కొత్తలో తడబడింది. అతనికి సంతోషమైంది. కాసేపటికి జత కుదిరింది. ఆ జత కుదిరిన చప్పుడు విని అతని ఒళ్ళు కాలిపోయింది. ఇన్నేళ్ళు ఆ పాట తనదనుకున్నాడు. రెండో గొంతు ఎవరిదైనా పాట సాగుతుందని ఇప్పుడే తెలిసింది.

పళ్ళు కొరుక్కుంటూ వింటున్నాడు. పొట్టి లాగుడు జగ్గన్నది. పొడుగ్గా వచ్చి చివర తేలే లాగుడు పైడిది. పొట్టిది ఎగువ నుంచి, పొడుగుది దిగువ నుంచి...

దిగువ నుంచా?

బైరన్న లేచి నిలబడ్డాడు. మళ్ళీ విన్నాడు. సందేహం లేదు. పైడి దిగువ పిడి పట్టుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. కొత్తచేతికి ఎగువ పిడి ఇవ్వాలి. తనకు కోనయ్య ఇచ్చింది అందుకే. పనికి వచ్చిన కొత్తవాణ్ణి క్షేమమైన వైపు ఉంచి, తెలిసినవాళ్ళు గండం ఉన్న వైపు నిలబడతారు. ఆ మకాంలో పాలుతాగే పిల్లకు కూడా తెలిసిన సంగతి. తనకూ తెలుసు. కానీ ఇన్నేళ్ళుగా దిగువ పిడి అంటే తానే, ఎగువ పిడి అంటే పైడే. జగ్గన్న తన చోటు లాక్కున్నాడని ఎంతగా కుళ్ళిపోయాడంటే, ఆ చోట మరొకరు నిలబడే వీలుందనే తోచలేదు.

మోకూ మేకుల సంచీ భుజానికి, సమ్మెట చేతికి తీసుకుని దూకాడు. పైడీ అని గొంతు చించుకుని అరిచాడు. ఆ అరుపుకు ఒంటిమద్ది కొమ్మల్లోంచి, పట్టపగలు, వందలాది గుడ్లగూబలు ఒక్కసారి లేచాయి. వాటి కూతలో అతని పిలుపు వానలో ఉమ్మిలా కలిసిపోయింది. రంపం ఆగలేదు. ముళ్ళు చీరాయి, రాళ్ళు జారాయి, పడ్డాడు, లేచాడు. చెట్టు దగ్గరకు వచ్చేసరికి మాను పైన కొన చిన్నగా వణుకుతోంది.

కోత మధ్యలో ఆపితే ఇంకా ప్రమాదం. సగం తెగిన మాను తన ఇష్టం వచ్చినచోట పడుతుంది. మిగిలిన దారి ఒక్కటే. దిగువ వైపు కోతలో మేకులు దిగేస్తే మాను కొంచెం లేచి ఎగువకు మొగ్గుతుంది. బైరన్న పైడిని దాటుకుని వెళ్ళి ఒక మేకు కోతలో పెట్టి సమ్మెట ఎత్తాడు. దెబ్బ పడింది. మాను మూలిగి, జానెడు నిలదొక్కుకుంది. రెండో మేకు పెట్టాడు. సమ్మెట మళ్ళీ ఎత్తాడు.

గాల్లో ఏదో ఈలవేసుకుంటూ వచ్చి సమ్మెట కర్రకామకు తగిలింది. కామ రెండు ముక్కలైంది. కాళ్ళ దగ్గర పడింది ఒక ఆకురాయి.

బండ మీద ముసలాడు నిలబడి ఉన్నాడు. కాదు, ముసలాడి తోలు నిలబడి ఉంది. అది పాముకుబుసంలా జారిపోతుంటే లోపలి నుంచి గోధుమరంగు ఈకల అంగీ, వంకర ముక్కు, పళ్ళెమంత పసుపు కళ్ళు బయటపడ్డాయి. తామ్రగిరిలో తల్లులు పేరెత్తడానికి భయపడే మాంత్రికుడు, ఘూకాక్షుడు.

“నా చెరసాలను నేను కూల్చలేను,” అన్నాడు ఘూకాక్షుడు. “ఎవరైనా వంకరగా కూలిస్తే నాకు ఆనందం. బాగా తీశావు నాయనా నోరు.”

ఎగువ బందు తెగింది. పిడుగు పడ్డట్టు చప్పుడైంది. ఒంటిమద్ది ఆకాశాన్ని ఊడ్చుకుంటూ తిరిగి, మేకును వదిలేసి, దిగువకు పడింది. బైరన్న పైడిని రెండు చేతులా తోశాడు. మాను ఆమె ఉన్నచోటనే నేలను చీల్చింది, ఆమె మాత్రం పక్కనుంది. అయినా విరిగిన కొమ్మ మొదలు ఒకటి ఆమె కోకను గుచ్చి పట్టుకుంది. మొద్దును వదిలేసిన మాను, ఏనుగు బురదలో జారినట్టు వాలులో జారడం మొదలుపెట్టింది. దాంతో పాటు పైడీ.

బైరన్న మోకును ఉచ్చువేసి విసిరాడు. ఒక కొమ్మకు బిగిసింది. మోకు అతన్ని నేలమీద ఈడ్చుకుంటూ పోయింది. మోచేతుల చర్మం లేచిపోయింది. వెనక నుంచి జగ్గన్న రెండు గంతుల్లో మాను మీదికి దూకి, పైడి నడుం పట్టుకుని పైకి లాగాడు. ఆ ఈడుపులో కూడా, రాళ్ళు డొక్కల్లో గుచ్చుకుంటున్నా, బైరన్నకు కనిపించింది ఆ చెయ్యే, అది ఉన్నచోటే. ఆ మంటతోనే మోకు పట్టి పాకి మాను ఎక్కాడు.

ఆ వెంటనే నేల అయిపోయింది. మాను పొగమంచులోకి ఎగిరి, ధూమ్రవతిలో పడి, మునిగి, తేలింది.

నీళ్ళు పోయేది దక్షిణానికి. మాను ఉత్తరానికి కదిలింది. ఏటికి ఎదురుగా, నురగ కక్కుకుంటూ, ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు పోసాగింది. పైన గుడ్లగూబల గుంపు గొడుగులా పట్టుకుని వస్తోంది. అన్నిటికంటే ముందు, ఘూకాక్షుడే కాబోలు, ఒక పెద్ద గుడ్లగూబ.

మాను మొదలు దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. పైడి వంగి కోసిన ముఖం వైపు చూసింది. తెగిన బందు అక్కడ ఉంది. ఒక చివర గోరంత, రెండో చివర అరచేయంత. ఆమె దానిమీద వేలు పెట్టి ఇటు నుంచి అటు నడిపింది.

“నోరు ఎవరు తీశారో నాకు తెలుసు,” అంది. “ఎందుకట్టా తీశావో చెప్పు బావా.”

దిగువ పిడి జగ్గన్న పట్టుకుంటాడనుకున్నానని చెప్పాడు బైరన్న. జగ్గన్న తల తిప్పుకున్నాడు. అంతకంటే పెద్ద తిట్టు ఏముంటుంది.

“అది పెళ్ళిమేకు అనుకున్నావా?” అంది పైడి. “అదే అయితే నిన్ను నోరు తీయనిస్తానా?”

అప్పుడు జగ్గన్న విషయమంతా చెప్పాడు. అతను జగ్గన్న కాదు, తామ్రగిరి యువరాజు జయసేనుడు. తమ్ముడు కాంతిసేనుడు వేటకని పోతూ కోటవాకిట్లో నవ్వుతూ చెయ్యి ఊపాడు, మళ్ళీ రాలేదు. ఘూకాక్షుడు అతన్ని ఈ మానులో పెట్టి మూశాడు. ఒక ముని మంత్రించిన చందనపు మేకు ఇచ్చాడు. మాను ఆ మేకు మీద పడితే నిలువునా విచ్చుకుని ఖైదీని వదిలేస్తుంది. మేకు తప్పితే మాత్రం మాను ఆకలిగొంటుంది. ఒకరు లోపలికి వస్తేనే ఒకరిని బయటికి వదులుతుంది. ఎవరూ ఇష్టపడి రాకపోతే, తాను ఎవరి వైపు పడిందో వాళ్ళను తీసుకుంటుంది. ఘూకాక్షుడి కోటవాకిలి దాటితే, లోపలున్నవాళ్ళను ఇక ఎవరూ తీయలేరు. ఈ రహస్యం కోనయ్యకూ పైడికీ తప్ప మూడో మనిషికి చెప్పలేదు. ప్రతి కొమ్మ మీదా గుడ్లగూబ చెవి ఉంది గనుక.

“కోత నేర్చుకున్నది తమ్ముడి కోసం,” అన్నాడు జయసేనుడు. “ఆమెను అడగడానికి కాదు. ఆమె మనసులో ఉన్నది ఎవరో ఊటదగ్గరే చెప్పింది.”

బైరన్న పైడి వైపు చూశాడు.

“నువ్వు నాటుతావేమోనని చూస్తానే ఉన్నా,” అంది ఆమె. “ఎండలకు చూశా, వానలకు చూశా.”

లోపల నుంచి ఎవరో తట్టారు. బలహీనంగా, చేవలోంచి, వేళ్ళ కణుపులతో. జయసేనుడు మాను మీద బోర్లాపడి తమ్ముణ్ణి పేరుపెట్టి పిలిచాడు. బదులుగా మాను వీపు చీలింది. చీలిక నోటిలా తెరుచుకుంది, లోపల చిక్కటి చీకటి. పైడి కాలు ఆ చీకట్లోకి జారింది.

ఆమె అరవలేదు. బైరన్న చెయ్యి పట్టుకుంది, అంతే. జయసేనుడు రెండో చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ లాగారు. మాను కూడా లాగింది. మోకాలిదాకా పోయింది, తొడదాకా పోయింది. పొగమంచు చీలి, ముందు కొండల మధ్య నల్లటి రాతివాకిలి కనిపించింది. వంగిన ముక్కులా ఉంది దాని పైగడప. ఆ ముక్కు మీద వాలిన పెద్ద గుడ్లగూబ రెక్కలు ముడుచుకుని, విందుకు వచ్చినవాడిలా, కుదురుగా చూస్తోంది.

లాగితే రాదని బైరన్నకు తెలిసిపోయింది. ఆమె చెయ్యి వదిలేశాడు. జయసేనుడు తిట్టబోయేలోగా, చీలిక అంచులు రెండూ పట్టుకుని రెండు కాళ్ళూ చీకట్లోకి దించాడు.

“నేనొస్తున్నా, పిల్లను వదులు,” అన్నాడు మానుతో.

మాను ఆగింది. రుచి చూసినట్టు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. తరువాత పైడిని పైకి నెట్టేసి, అతన్ని నడుందాకా మింగింది. పైడి మోకాళ్ళ మీద పడి చేతులు చాచింది.

“బావా, చెయ్యి ఇయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటా, చెయ్యి ఇయ్యి.”

“పోయొస్తా,” అన్నాడు బైరన్న.

చేవ అతని ఛాతీ చుట్టూ, గొంతు చుట్టూ చల్లగా బిగిసింది. పక్కనుంచి ఎవరో తడి శరీరం ఒకటి ఒరుసుకుంటూ పైకి పోయింది. చీలిక మూసుకుంటోంది. బొటనవేలంత సందు మిగిలింది. అందులోంచి బైరన్న చూశాడు.

బయటపడ్డ కాంతిసేనుడు మాను మీద వెల్లకిలా పడి ఉన్నాడు. అన్నకంటే పొడగరి. అన్నకంటే చిన్నవాడు. ఇంత చెరలోనూ వాడని ముఖం, భుజాలదాకా ఉంగరాల జుట్టు. అన్నకంటే ఎంతో అందగాడు. పైడి ఏడుస్తూనే వంగి, అతని తల కింద చెయ్యి వేసి లేపుతోంది.

అన్నగారు పక్కనే ఉన్నాడుగా, ఆయన లేపుతాడని అరవబోయాడు బైరన్న. నోట్లోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. సందు మూసుకుంది. రాతిముక్కు కిందినుంచి మాను కోటలోకి పోయింది.